నిప్పు చూసిన రాయి

షాపులో ఏసీ చల్లగానే ఉంది. ఆచారి గారి నుదుటి మీద మాత్రం సన్నగా చెమట పట్టింది. గాజుబల్ల మీద తెల్లకాగితం పరిచి, దాని మధ్యలో రాయిని పెట్టారు. శనగగింజ కన్నా కాస్త పెద్దది. పండిన నిమ్మకాయ రంగు. చుట్టూ పదహారు మంది యాత్రికులు. అందరి చూపూ ఆయన కంటికి ఆనించుకున్న చిన్న భూతద్దం మీదే ఉంది.

‘‘చెప్పు నాయనా, మంచి రాయేనా?’’ కూతురు మెల్లగా అడిగింది.

ఆచారి గారు వెంటనే జవాబివ్వలేదు. ఆ ఒక్క ప్రశ్నకి తొందరపడి జవాబు చెప్పడం ఆయన ఎన్నో ఏళ్ల కిందటే మానేశారు.

* * *

ఆయనది ప్రొద్దుటూరు. బంగారం వ్యాపారానికి రాయలసీమలో పేరుమోసిన ఊరు. పదిహేనో ఏట తండ్రి పక్కన కుంపటి ముందు కూర్చున్న మనిషి అరవై మూడేళ్లు వచ్చేదాకా లేవలేదు. కమ్మలు, ముక్కుపుడకలు, ఉంగరాలు... ఎన్ని రాళ్లు తాపారో లెక్కే లేదు. కెంపులు, నీలాలు, గోమేధికాలు ఆయన చేతుల్లోంచి ఎన్నో ఇళ్లకు వెళ్లాయి. అవి ఏ మట్టిలోంచి వస్తాయో మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు. చూపు మందగించి, చెయ్యి వణకడం మొదలయ్యాక ఐదేళ్ల కిందట పటకారు పక్కన పెట్టేశారు.

కూతురు చెన్నైలో ఉంటుంది. మనవరాలికి ఇరవై ఏడు. సంబంధాలు వస్తున్నాయి, ఎంగేజ్‌మెంటు దాకా వెళ్లకుండానే తప్పిపోతున్నాయి. గురుబలం తక్కువగా ఉందనీ, కనకపుష్యరాగం ఉంగరం పెట్టుకోమనీ ఓ జ్యోతిష్కుడు చెప్పారు. కాల్చని రాయే కావాలని మరీ మరీ చెప్పారు. అదే సమయంలో శ్రీలంక టూరు సంగతి కూతురి చెవిన పడింది. ఐదు రోజులు. కాండీ, రత్నపుర గనులు, రత్నాల దుకాణాలు, చివర్లో కొలంబో.

‘‘గని దగ్గరైతే చౌకగా దొరుకుతుంది. రాయి చూడటానికి నువ్వే ఉంటివి, ఇంక భయమేముంది?’’ అంది తండ్రితో. చీటీ పాడిన డబ్బు నాలుగు లక్షలు చేతిలో ఉంది. అలా ఆచారి గారు అరవై ఎనిమిదో ఏట మొదటిసారి పాస్‌పోర్టు తీసుకుని, మొదటిసారి విమానం ఎక్కారు. పాత భూతద్దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నారు.

* * *

మొదటి మజిలీ కాండీ. బుద్ధుడి దంతాన్ని భద్రపరిచిన దళదా మాలిగావ దగ్గర గైడు చెప్పిన ఓ సంగతికి ఆచారి గారు ఆశ్చర్యపోయారు. ఆ ఊరిని చివరగా ఏలినవాళ్లు నాయక్కర్ రాజులట. మధుర నుంచి వచ్చినవాళ్లు, తెలుగు మూలాలున్న వంశం. 1739 నుంచి 1815 వరకు వాళ్లదే రాజ్యం. చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహను బ్రిటిష్‌వాళ్లు పట్టుకుని వేలూరు కోటకు పంపేశారు. 1832లో ఆయన అక్కడే పోయాడు.

‘‘వేలూరు మీదుగా ఎన్నిసార్లు పోయింటానో. ఒక్కరూ చెప్పలేదు’’ అన్నారు అల్లుడితో.

బస్సులో గైడు ఇంకో మాట కూడా పదేపదే చెబుతున్నాడు. రత్నపురలో తాను చూపించే షాపు చాలా నమ్మకమైనదనీ, మన బృందానికి ప్రత్యేకంగా తగ్గిస్తారనీ. నాలుగోసారి విన్నాక ఆచారి గారు అల్లుడి వైపు చూసి చిన్నగా నవ్వారు. దళారీ మాట ఏ దేశంలోనైనా ఒకే రాగంలో ఉంటుంది!

రత్నపుర... పేరుకి తెలుగువాళ్లకు అర్థం చెప్పే పనిలేదు. కొలంబోకి ఆగ్నేయంగా వంద కిలోమీటర్ల దూరంలో, కాలు గంగ ఒడ్డున ఉంటుంది. చుట్టూ కొండలు, వరిమళ్లు. గని అంటే పెద్ద యంత్రాలు, లారీలు ఉంటాయనుకున్నారంతా. తీరా చూస్తే వరిమడి పక్కన తాటాకు పందిరి కింద చతురస్రంగా తవ్విన గొయ్యి! మట్టి విరిగిపడకుండా నాలుగు వైపులా దుంగలు, వాటి సందుల్లో కుక్కిన ఆకులు. లోపల ఊరే నీటిని తోడేందుకు ఓ పంపు. అంతే.

లక్షల ఏళ్లుగా కొండరాళ్లు అరిగి, వాననీటితో పల్లానికి కొట్టుకొచ్చి, కంకర పొరగా అడుగున పేరుకుపోయాయి. దాన్నే అక్కడ ‘ఇల్లం’ అంటారు. రత్నాలు దాగి ఉండేది అందులోనే. న్యూయార్క్‌ మ్యూజియంలో ఉన్న 563 కేరట్ల ‘స్టార్ ఆఫ్ ఇండియా’ నీలం పేరులో ఇండియా ఉన్నా, పుట్టింది శ్రీలంకలోనే. బ్రిటన్ యువరాణి డయానా నిశ్చితార్థపు ఉంగరంలోని పన్నెండు కేరట్ల నీలం కూడా ఈ దేశానిదే.

గొయ్యి పక్కన నడుంలోతు నీళ్లలో ఓ ముసలాయన నిలబడి వెదురుగంపతో కంకర కడుగుతున్నాడు. ఇంచుమించు ఆచారి గారి వయసే. గంపని గుండ్రంగా తిప్పుతుంటే తేలిక రాళ్లు నీళ్లతో అంచు దాటిపోతున్నాయి. మామూలు పలుగురాయి నీటికన్నా రెండున్నర రెట్లకు పైచిలుకు బరువు. నీలం, పుష్యరాగం అయితే నాలుగు రెట్లు. అందుకే అవి అడుగున నిలుస్తాయి. మన పల్లెల్లో బియ్యం గాలించే విద్యే, ఇంకాస్త ఓపిగ్గా!

ముసలాయన గంపని ఎండకి వంచి, వేళ్లతో కెలికి, పాలు కలిపినట్టున్న చిన్న రాయిని తీసి ఆచారి గారి అరచేతిలో పెట్టాడు. భాష తెలియకపోయినా ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఒకరివి నీళ్లకి నానిన వేళ్లు, మరొకరివి నిప్పుకి కాలిన వేళ్లు.

అలాంటి మసక రాళ్లని ‘గెవుడ’ అంటారనీ, ఒకప్పుడు వాటికి విలువే లేదనీ గైడు చెప్పాడు. 1970ల్లో థాయ్‌లాండ్ వ్యాపారులు వాటిని చౌకగా కొనుక్కెళ్లి కొలిమిలో కాల్చారు. పదహారు వందల డిగ్రీల దాకా వేడి తగిలేసరికి లోపలి మసక కరిగి, మేలైన నీలాలు బయటపడ్డాయి. ఆ సంగతి తెలిశాక గెవుడ రాళ్లకి గిరాకీ వచ్చింది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న నీలాలు, పుష్యరాగాల్లో ఎక్కువ భాగం ఏదో ఒక దశలో నిప్పు చూసినవే.

‘‘ఈయనకి జీతం ఎంతిస్తారు?’’ ఆచారి గారు అడిగారు.

తిండికీ ఖర్చులకీ కొంత ఇస్తారట. అసలు సంపాదన రాయి అమ్ముడుపోయాక వచ్చే వాటా. నేల ఇచ్చినవాళ్లకి, లైసెన్సు ఉన్నవాళ్లకి, పంపు పెట్టినవాళ్లకి పోగా మిగిలింది కూలీలు పంచుకుంటారు. రాయి దొరక్కపోతే వాటా కూడా ఉండదు.

* * *

షాపులో ఆ నిమ్మపండు రంగు రాయికి మన డబ్బుల్లో మూడు లక్షల ఎనభై వేలు చెప్పారు. ఐదు కేరట్లు, అంటే ఒక గ్రాము. ‘‘నేచురల్. అసలు కాల్చలేదు’’ అన్నాడు సేల్స్‌మన్ తమిళంలో. బస్సుకి టైమవుతోందని గైడు తొందరపెడుతున్నాడు. నెల్లూరు నుంచి వచ్చిన భార్యాభర్తలు కూడా ఆచారి గారి మాట కోసమే కాచుక్కూర్చున్నారు. ఆయన బాగుందంటే వాళ్లూ ఒకటి తీసుకుంటారు.

భూతద్దంలోంచి చూస్తుంటే ఆయనకి 1988 గుర్తొచ్చింది.

వాళ్ల వీధిలో ఓ అయివారు ఉండేవారు. బడిపంతులు. కూతురి పెళ్లినాటికి పనికొస్తుందని దాచుకున్న డబ్బుతో నీలం ఉంగరం చేయించుకున్నారు. రాయి తెచ్చింది వేరే దళారీ. అయివారు అడిగితే ‘‘నిఖార్సైన రాయి సామీ’’ అన్నది మాత్రం ఆచారి గారే. దళారీ తనకి చెప్పిన మాటే ఆయన తిరిగి చెప్పారు. ఏడేళ్ల తర్వాత పెళ్లి ఖర్చులకి అమ్మబోతే అది కొలిమిలో తయారుచేసిన రాయని తేలింది. ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నూయి 1902లో లోకానికి వెల్లడించిన పద్ధతి. పొడిని మంటలో కరిగించి రాయిగా పేరుస్తారు. అయివారు కోప్పడలేదు. ‘‘నువ్వు చెప్పినావని కొంటి ఆచారీ’’ అన్నారు, అంతే. ఆ మాటకి ఆచారి గారు నాలుగేళ్లు నెలనెలా డబ్బు కట్టి బాకీ తీర్చుకున్నారు. ఈ భూతద్దం అప్పుడు కొన్నదే. మంటలో పేర్చిన రాయిలో గ్రామఫోను రికార్డు మీది గీతల్లాంటి వంపు గీతలుంటాయని అప్పుడే నేర్చుకున్నారు.

ఇప్పుడీ రాయిలో ఆ వంపు గీతలు లేవు.

ఆచారి గారు భూతద్దం దించారు. ‘‘రాయి భూమిలో పుట్టిందే అనిపిస్తా ఉంది. నిప్పు చూసిందో లేదో నా అద్దానికి తెలీదు. తెలిసినట్టు చెప్పలేను.’’

కూతురి మొహం చిన్నబోయింది. ఇన్నేళ్ల అనుభవం ఉండి, ఇంతమంది ముందు తెలీదంటాడేంటి అనుకుంది. ఆయన మాత్రం సేల్స్‌మన్ వైపు తిరిగి, అల్లుడి చేత ఒకటే అడిగించారు. కాల్చలేదని బిల్లు మీద రాసిస్తారా? ల్యాబ్‌లో వేరేగా తేలితే డబ్బు వాపసిస్తారా?

‘‘నేచురల్ అని రాస్తామండీ’’ అన్నాడతను.

చిక్కంతా అక్కడే ఉంది. నేచురల్ అంటే నేలలో పుట్టిందని మాత్రమే. కాల్చిన రాయి కూడా నేచురలే. 2002 ప్రాంతంలో బెరీలియం కలిపి కాల్చి పసుపు, నారింజ రంగులు తెప్పించిన రాళ్లు మార్కెట్లోకి వచ్చినప్పుడు పేరున్న ల్యాబ్‌లే మొదట తికమకపడ్డాయి. దాన్ని కచ్చితంగా తేల్చాలంటే ఖరీదైన యంత్రాలు కావాలి. జేబులో పట్టే అద్దం ఏం చెబుతుంది?

ఈ మాటలన్నీ విని లోపలి గదిలోంచి షాపు పెద్దాయన వచ్చాడు. బల్ల మీది పాత భూతద్దాన్ని చూశాడు. ఆచారి గారి వేళ్ల మీది కాలిన మచ్చలు చూశాడు. ఏమీ మాట్లాడకుండా కుర్చీ లాక్కుని కూర్చుని, అరలోంచి ఓ కాగితం పొట్లం తీశాడు. అందులో ఇంకో పుష్యరాగం ఉంది. మొదటి దానిలో సగం కన్నా కాస్త పెద్దది. రంగు మాత్రం హాయిగా ఉంది.

‘‘ఇది కాల్చిన రాయి అయ్యా. తొంభై వేలు. బిల్లు మీద కాల్చిందనే రాస్తాను. వేరే రంగు గానీ, మందు గానీ కలపలేదని కూడా రాస్తాను. కొలంబోలో ప్రభుత్వ సంస్థ ల్యాబ్ ఉంది, చూపించుకోండి. తేడా వస్తే డబ్బు తీసుకెళ్లండి.’’

‘‘కాల్చిందా? మనకొద్దు నాయనా. కాల్చింది పనిచెయ్యదంట’’ అంది కూతురు.

ఆచారి గారు ఆ రాయిని అరచేతిలోకి తీసుకున్నారు. ‘‘కాల్చకుండా నేను ఒక్క నగైనా చేస్తినా అమ్మా? నీ తాళిబొట్టు కూడా నిప్పులో నుంచి వచ్చిందే. కాల్చడం తప్పు కాదు. కాల్చి, కాల్చలేదని చెప్పడం తప్పు. డబ్బు నీది, నీ ఇష్టం. నేను మాటివ్వగలిగింది మాత్రం దీనికే.’’

ఆమె చాలాసేపు రెండు రాళ్లనీ మార్చి మార్చి చూసింది. పెద్ద రాయి మెరుపే మెరుపు. చివరికి చిన్న పొట్లాన్నే తన వైపు జరుపుకుంది. నెల్లూరు దంపతులు ఆరోజు ఏమీ కొనలేదు. బస్సులో గైడు సాయంత్రం దాకా పెద్దగా మాట్లాడలేదు.

* * *

కొలంబో ల్యాబ్ కాగితంలో షాపు పెద్దాయన చెప్పిందే వచ్చింది. కాల్చినది, ఇంకేమీ కలపనిది.

చివరి రోజు నేషనల్ మ్యూజియం. అక్కడ కాండీ రాజుల సింహాసనం ఉంది. 1693లో డచ్చివాళ్లు కానుకగా ఇచ్చింది. చివరికి దాని మీద కూర్చున్నది నాయక్కర్ రాజులే. 1815 తర్వాత బ్రిటన్‌కి తరలిపోయి, 1934లో తిరిగొచ్చింది. బృందమంతా ఫొటోలు తీసుకుని ముందుకెళ్లిపోయినా ఆచారి గారు అద్దాల ముందు నుంచి కదల్లేదు.

‘‘ఏం చూస్తున్నారు మామా?’’ అన్నాడు అల్లుడు.

‘‘లోపల కొయ్య, పైన బంగారు రేకు. రేకు అని అందరికీ తెలుసు. దీన్ని ఎవరైనా మోసం అంటారా? పనితనం అంటారు.’’

కూతురు వెనకే నిలబడి వింది. ఏమీ అనలేదు. బయటికి వస్తుంటే మెట్ల దగ్గర తండ్రి చెయ్యి పట్టుకుంది.

చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లకి బిల్లు చూపించి, రాయి సంగతి చెప్పి బయటికొచ్చారు. వారం తిరక్కుండా ఆమె ప్రొద్దుటూరు వచ్చింది. రాయిని షాపులో ఇవ్వలేదు. తండ్రి ముందు పెట్టింది.

‘‘చెయ్యి వణుకుతుందమ్మా’’ అన్నారాయన.

‘‘నిదానంగా చెయ్యి నాయనా. తొందరేముంది?’’

ఐదేళ్లుగా చల్లబడి ఉన్న కుంపటి ఆరోజు మళ్లీ రాజుకుంది. ఒక రోజులో అయ్యే పనికి నాలుగు రోజులు పట్టింది. మనవరాలి చూపుడువేలికి ఉంగరం సరిగ్గా పట్టింది. ఇంకా ఏ సంబంధమూ కుదరలేదు. ఆ పిల్ల మాత్రం దాన్ని తియ్యడం లేదు. గ్రహం కోసమా అని స్నేహితులు అడిగితే ‘తాతయ్య చేశాడు’ అంటుంది.

ఉంగరం పెట్టెలో బిల్లునీ, ల్యాబ్ కాగితాన్నీ మడిచి ఉంచారు ఆచారి గారు. ‘కాల్చినది’ అన్న మాట పెట్టె తెరవగానే కనబడేలా పైకి మడిచారు.