ఉప్పుగాలిలో పాత కారు

మచిలీపట్నంలో ఇనుముకి ఆయుష్షు తక్కువ. కిటికీ ఊచలు, గేటు గొళ్లేలు, సైకిలు చైన్లు, ఆఖరికి మేడమీద బట్టలారేసే తీగ... ఏదీ ఎక్కువ కాలం నిలవదు. సముద్రం ఊరికి దూరంగా మంగినపూడి దగ్గరే ఆగిపోయినా దాని గాలి ఆగదు. ఇంటింటికీ వచ్చి ఉప్పు రాసి మరీ పోతుంది. చిలకలపూడి వాళ్లు లోహం మీద బంగారు పూత వేసి రోల్డుగోల్డు నగలుగా దేశమంతా అమ్ముతారు. నిజానికి ఈ ఊళ్లో పూత అన్నిటికంటే అవసరమైంది కార్ల అడుగు రేకుకే!

బందరు వీధుల్లో ఓ చుట్టు తిరిగితే పదిహేనేళ్లు నిండిన కార్లు, నిండబోతున్న కార్లు చాలానే కనిపిస్తాయి. టార్పాలిన్ కప్పుకుని, వేపచెట్టు కింద, ఆదివారానికోసారి కదిలే కార్లవి. ఆ ఇళ్లలో పెద్దవాళ్లిద్దరే ఉంటారు. పిల్లలు హైదరాబాదులోనో, డాలస్‌లోనో. వారం వారం ఫోనులో నడిచే మాటలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

‘‘నాన్నా, ఆ డబ్బా ఇంకెన్నాళ్లు? హైబ్రిడ్ తీసుకోండి. ఇక్కడ ఎవర్ని చూసినా అవే.’’

‘‘డబ్బా ఏంట్రా? తాళం తిప్పితే చాలు, ఇప్పటికీ ఒక్క దెబ్బకి స్టార్టవుతుంది.’’

ఇద్దరి మాటా నిజమే. టయోటా ప్రియస్ జపాన్‌లో 1997లో, అమెరికాలో 2000లో రోడ్డెక్కింది. అక్కడి పిల్లలకి హైబ్రిడ్ అంటే పాత ముచ్చట. మనకి అదే ప్రియస్ 2010లో వచ్చినా దిగుమతి సరుకు కావడంతో సామాన్యుడి దరికి చేరలేదు. 2022లో హోండా సిటీ, ఆ వెనకే మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, ఇన్నోవా హైక్రాస్ వచ్చాకే ఈ మాట బందరు ఇళ్లలోకి అడుగుపెట్టింది.

ఇంతకీ ఇది కొనాలా, వద్దా? షోరూమువాళ్లు టెస్ట్ డ్రైవ్ ఇచ్చేది నాలుగు వీధుల్లో. తేల్చాల్సింది మాత్రం కారు రోజూ తిరిగే రోడ్ల మీద. లెక్క కోసం బందరులో రిటైరైన ఓ లెక్కల మాస్టారిని ఊహించుకుందాం. ఆయనది 2010 నాటి చిన్న పెట్రోలు కారు. లీటరుకి 14 కిలోమీటర్లు. ఏడాదికి తిరిగేది 7,000 కిలోమీటర్లు. 2025లో రిజిస్ట్రేషన్ గడువు ముగిసింది. ఫిట్‌నెస్ పరీక్ష చేయించుకుంటే ఇంకో అయిదేళ్లు పొడిగిస్తారు. ఒకప్పుడు 600 రూపాయలతో పోయే ఆ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. పదిహేనేళ్లు నిండితే పెట్రోలు కారు తీసెయ్యాలన్న షరతు ఇక్కడ లేదు. కాబట్టి తొందరేం లేదు. మాస్టారు నోటుబుక్కు తీసుకున్నారు, ఆవిడ పులిహోర డబ్బా తీసుకుంది. పాత కారులోనే డెల్టా చుట్టి రావడానికి బయల్దేరారు.

బందరు నుంచి గుడివాడకి పెడన మీదుగా నలభై కిలోమీటర్ల లోపే. పెడన దగ్గర అచ్చులద్దిన కలంకారీ గుడ్డలు, ఆ తర్వాత కాలవలు, చేలు, గుడ్లవల్లేరు. చూడ్డానికి హాయి. నడపడానికి ఓపిక కావాలి. కింద నల్లరేగడి నేల. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలిస్తుంది. దానిమీద వేసిన తారు అలలు తిరిగిపోతుంది. ఎదురుగా ధాన్యం లారీ వస్తే ఒక చక్రం మట్టిలోకి దించాలి. గేదెల మందకి ఆగాలి, స్పీడు బ్రేకరుకి ఆగాలి, రైలు గేటు పడితే ఇంజిను కట్టేసి పల్లీలు కొనుక్కోవాలి. గుడివాడ చేరాక చెప్పక్కర్లేదు. ఆటోలు, బస్సులు, చేపల వ్యాన్ల మధ్య కారు ముందుకు పోవడం కంటే నిలబడటమే ఎక్కువ.

అసలు హైబ్రిడ్ పుట్టిందే ఇలాంటి చోట్ల కోసం. అందులో పెట్రోలు ఇంజినుతోపాటు ఒక కరెంటు మోటారు, చిన్న బ్యాటరీ ఉంటాయి. ప్లగ్గు పెట్టి ఛార్జింగు చేసే పనిలేదు. బ్రేకు నొక్కినప్పుడు వృథాగా పోయే శక్తిని బ్యాటరీలో దాచుకుంటుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఇంజిను ఆపేసి ఆ దాచుకున్నదానితో నడుస్తుంది. గేదెకి ఆగినా లాభమే అన్నమాట! ఇక్కడో మెలిక ఉంది. బోర్డు మీద హైబ్రిడ్ అని ఉన్నవన్నీ ఒకటి కావు. ‘మైల్డ్’ రకంలో మోటారు ఇంజినుకి కాస్త చెయ్యందిస్తుంది తప్ప ఒంటరిగా చక్రాలు తిప్పలేదు. ‘స్ట్రాంగ్’ రకమే పైన చెప్పిన పని చేస్తుంది. ధరలో తేడా లక్షల్లో ఉంటుంది కాబట్టి ఏది చూపిస్తున్నారో ముందే అడిగి తెలుసుకోవాలి.

గుడివాడ దాటి పామర్రు దగ్గర విజయవాడ-బందరు హైవేని తాకితే కథ మారుతుంది. తిన్నగా ఎనభైలో పోయే రోడ్డు మీద హైబ్రిడ్ కూడా ఎక్కువగా ఇంజిను మీదే నడుస్తుంది. బ్రేకు పడదు, బ్యాటరీ నిండదు. మైలేజీ బాగానే ఉంటుంది గానీ గుడివాడ బజారులో చూపించినంత తేడా ఇక్కడ చూపించదు. గ్రాండ్ విటారాకి కాగితం మీద ఇచ్చిన 27.97 అంకె పరీక్షశాలలోది. ఏసీ వేసుకుని, నలుగురెక్కి, మన రోడ్ల మీద వెళ్తే 22 వేసుకోవడం మంచిదని మాస్టారు రాసుకున్నారు. పిల్లల జవాబుపత్రాల్లో కూడా ఆయన మార్కులు అలాగే వేసేవారు.

అన్నట్టు, పామర్రు పక్కనే నిమ్మకూరు. అక్కడ పుట్టిన ఎన్టీఆర్ 1982లో రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం కొత్త బండి కాదు. పాత షెవర్లే వ్యానుకి హంగులు కూర్చి తయారుచేసిందే. ఈ గడ్డ మీద పాత బండిని తక్కువగా చూస్తే ఊరుకోరు మరి.

పామర్రు నుంచి కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి దండం పెట్టుకుని, పులిగడ్డ దాటి అవనిగడ్డలో దిగితే అది వేరే లోకం. కృష్ణమ్మ పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోటు. నాగాయలంక, కోడూరు వైపు వెళ్లేకొద్దీ వరి పల్చబడి రొయ్యల చెరువులు, మడ అడవులు కనిపిస్తాయి. దివిసీమ అనగానే 1977 నవంబరు 19 గుర్తుకురాని పెద్దవాళ్లుండరు. ఉప్పెన వేలమందిని తీసుకుపోయిన రోజది. బందరు వాళ్ల జ్ఞాపకం ఇంకా వెనక్కి, 1864 దాకా వెళ్తుంది. ఆ ఏడాది నవంబరు ఉప్పెనలో ముప్ఫై వేలమంది పోయారని చెబుతారు. ఇక్కడ ఏ వస్తువు కొన్నా నీళ్లొస్తే దీని సంగతేంటని అడగడం పిరికితనం కాదు.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకి వచ్చింది. అంతకుముందెన్నడూ చూడనంత నీరు. లంక గ్రామాలు మునిగాయి. అదే సమయంలో విజయవాడలో బుడమేరు పొంగి కాలనీల్లో ఎక్కడి కార్లు అక్కడే నీళ్లలో ఉండిపోయాయి. హైబ్రిడ్ నీళ్లలో పడితే షాక్ కొడుతుందేమోనని చాలామందికి అనుమానం. బ్యాటరీని గట్టిగా మూసేస్తారు, కరెంటు ఎక్కడైనా లీకైతే సరఫరా ఆపేసే ఏర్పాటు ఉంటుంది. భయపడాల్సింది షాక్‌కి కాదు, బిల్లుకి. మామూలు కారు మునిగితే బందరు మెకానిక్కు నాలుగు రోజులు విప్పి ఆరబెట్టి ఏదో ఒకటి చేస్తాడు. హైబ్రిడ్‌లో నారింజ రంగు తీగలు కనిపించినచోట అతను చెయ్యి పెట్టకూడదు. అది శిక్షణ పొందినవాళ్ల పని. పైగా నీళ్లు చేరిన ఇంజినుకి మామూలు సమగ్ర బీమా సాధారణంగా డబ్బివ్వదు. దానికి విడిగా ఇంజిన్ ప్రొటెక్షన్ తీసుకోవాలి. ఏ కారుకైనా ఈ ప్రాంతంలో అది విలాసం కాదు.

కోడూరు దాటి హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి, అక్కణ్నుంచి పాలకాయతిప్ప బీచి. సాగరసంగమం చూడాలంటే ఇసుక, బురద, ఉప్పు మూడూ దాటాలి. పాత కారుకి ఇంజిను కంటే ముందు పోయేది అడుగు రేకే. మెకానిక్కు షెడ్డులో పైకెత్తించి స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే దాని వయసు తెలిసిపోతుంది. రేకు కరకరమంటే ఇంకో అయిదేళ్ల రిజిస్ట్రేషన్ ఎందుకూ పనికిరాదు. గట్టిగా ఉంటే, సముద్రానికి వెళ్లొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కింద కడిగించి, యాంటీ రస్ట్ పూత వేయిస్తే ఇంకొంతకాలం లాగొచ్చు. పెట్రోలు సంగతీ చూసుకోవాలి. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది. 2010 నాటి కారుని దానికోసం తయారుచేయలేదు. మైలేజీ కాస్త తగ్గుతుంది. రబ్బరు పైపులు, సీళ్లు ఏడాదికోసారి చూపించుకోవాలి.

గుడి దగ్గర చెట్టు నీడన ఆవిడ పులిహోర వడ్డించింది. మాస్టారు లెక్క తేల్చారు. కొత్తగా కొంటే పెట్రోలు కారా, అదే సైజు హైబ్రిడ్డా? పెట్రోలుది లీటరుకి 16 అనుకుంటే 7,000 కిలోమీటర్లకి 437 లీటర్లు. హైబ్రిడ్‌కి 318. మిగిలేది 119 లీటర్లు. లీటరు 110 రూపాయల చొప్పున ఏడాదికి 13 వేలు. రెండింటి ధరకీ తేడా మూడు లక్షలనుకుంటే అది తిరిగి రావడానికి ఇరవై మూడేళ్లు! ‘‘అప్పటికి మనం ఉంటామా?’’ అన్నారాయన నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు.

అదే రోజూ బందరు నుంచి విజయవాడ వెళ్లొచ్చేవాళ్ల సంగతి వేరు. ఏడాదికి 40 వేల కిలోమీటర్లు. హైవే కాబట్టి పెట్రోలు కారుకి 17 వేసినా, హైబ్రిడ్‌తో ఏటా 58 వేల దాకా మిగులుతుంది. మూడు లక్షలు అయిదేళ్ల పైచిలుకులో వచ్చేస్తాయి. సాధారణంగా హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీలు ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి. అలాంటివాళ్లకి ఆ వారంటీ నాలుగేళ్లకే కిలోమీటర్ల రూపంలో అయిపోతుందన్నది మరిచిపోకూడదు. తిరుగుడు ఎక్కువున్నవాళ్లకే హైబ్రిడ్ లాభం, ఆ తిరుగుడే వారంటీని తినేస్తుంది.

పన్ను కూడా మాస్టారి పక్షానే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. పెద్ద కార్ల మీద 40 శాతం. ఇక్కడ అమ్ముతున్న స్ట్రాంగ్ హైబ్రిడ్లు 2025 నాటికి నాలుగు మీటర్లు దాటినవే. కాబట్టి రెండో వరసలోనే పడ్డాయి.

సంక్రాంతి లెక్క ఒకటుంది. పిల్లలొచ్చి వెళ్లేటప్పుడు డిక్కీలో బియ్యం మూట, బందరు లడ్డు డబ్బాలు, ఆవకాయ జాడీ పట్టాలి. హోండా సిటీ మామూలు మోడల్లో డిక్కీ 506 లీటర్లయితే, హైబ్రిడ్‌లో బ్యాటరీ పోను 306. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీకి గాలి అందేది వెనక సీటు దగ్గరున్న చిన్న జల్లెడ నుంచే. దానికి అడ్డంగా సంచీ పెడితే బ్యాటరీ వేడెక్కుతుంది. ఇంకోటి, పిల్లల దగ్గరికి వెళ్లి ఆరునెలలు కారు కదపకుండా ఉంచితే హైబ్రిడ్ కూడా మొండికేస్తుంది. అందులోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది దిగిపోతే కారు లేవదు. పక్కింటివాళ్లకి తాళాలిచ్చి వారానికోసారి కాసేపు ఆన్ చేసి ఉంచమని చెప్పి వెళ్లాలి.

‘‘అయితే పాతదాన్నే ఉంచుకుందాం’’ అన్నారు మాస్టారు నోటుబుక్కు మూస్తూ.

‘‘ఏమండీ, మైలేజీ సంగతి సరే. మొన్న మీకు ఆయాసం వచ్చినప్పుడు రాత్రి రెండింటికి విజయవాడ తీసుకెళ్లింది పక్కింటి కుర్రాడు. మన కారులో కాదు, వాళ్ల కారులో. ఎందుకో అడిగారా?’’

అడగలేదు. మాస్టారి కారులో ఎయిర్‌బ్యాగ్ లేదు. ఏబీఎస్ లేదు. బందరు నుంచి విజయవాడకి 70 కిలోమీటర్లు. అర్ధరాత్రి లైట్లు లేని ట్రాక్టరు ట్రక్కులు, రోడ్డు మీద గేదెలు. కొత్త కార్లన్నిటిలో ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జులైలో. పక్క సీటుకి కూడా అన్ని కార్లలో వచ్చింది 2021 ఆఖరుకి. 2010 కారులో అవేవీ లేకపోవడం దాని తప్పు కాదు. కానీ అడుగు రేకు ఎంత గట్టిగా ఉన్నా, ఇంజిను ఎంత చక్కగా పలికినా ఆ లోటు ఏ షెడ్డులోనూ తీరేది కాదు. పాత కారు మార్చాలా వద్దా అన్నదానికి జవాబు పెట్రోలు బంకు రసీదుల్లో వెతికితే దొరకదు. మార్చాలని తేలాకే హైబ్రిడ్డా మామూలుదా అన్న రెండో ప్రశ్న. చాలా ఇళ్లలో ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసి ఫోన్లో వాదించుకుంటారు.

తిరుగు దారిలో చల్లపల్లి దగ్గర టీ తాగుతూ మాస్టారు కొత్త పేజీలో నాలుగు ముక్కలు రాశారు. నాలుగు మీటర్ల లోపు పెట్రోలు. క్లచ్ తొక్కలేని మోకాలికి ఆటోమేటిక్. ఆరు ఎయిర్‌బ్యాగులు. డెలివరీకి ముందే కింద యాంటీ రస్ట్ పూత. ఆ రాత్రి అబ్బాయికి ఫోన్ చేసి చదివి వినిపించారు.

‘‘హైబ్రిడ్ కాదా నాన్నా?’’

‘‘రోజూ విజయవాడ వెళ్లే ఉద్యోగం ఇప్పించు, కొంటాను.’’

పాతదాన్ని ఏం చెయ్యాలన్నది మాత్రం తేలలేదు. తీసెయ్యడానికి ఆవిడే ఒప్పుకోవడం లేదు. కొత్త కారుని హంసలదీవి ఇసుకలోకి ఎవరు దింపుతారని అడుగుతోంది.