ఓజార్క్ కొండలలో టర్కీ కోళ్ల వేట

గత ఏప్రిల్ నెలలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమునకు వెళ్లినప్పుడు ఓజార్క్ కొండలలో ఒక రైతు కుటుంబము వద్ద నాలుగు రోజులు బస చేశాము. ఓక్ చెట్ల అడవి, నడుమ పశువుల బీళ్లు, గులకరాళ్ల వాగులు. తెల్లవారుజామున చెట్ల మీది నుండి టర్కీ కోడి కూత వినబడింది. మన పల్లెల్లో కొందరు పెరట్లో పెంచే జాతే గాని ఇవి అడవివి. 1950 ప్రాంతమునకు ఆ రాష్ట్రములో ఇవి దాదాపు అంతరించగా, మిగిలిన వాటిని వలలతో పట్టి వేరే అడవులలో విడిచి పెంచారు. 1960లో మూడు రోజులు మాత్రము మరల వేటకు అనుమతినిచ్చారు.

మన దేశములో 1972 నాటి చట్టము వలన అడవి పక్షుల వేట నేరము గనుక తుపాకుల సంగతి మాకు బొత్తిగా తెలియదు. ఆ ఇంట మాత్రము అదే మాట. పెద్దాయన మనుమడికి పదమూడేళ్లు. అంతకు ముందు సంవత్సరము తాతగారి 12 గేజి తుపాకితో ఒక పుంజును గాయపరిచాడు. అది పొదల్లోకి పరుగెత్తింది. సాయంత్రము వరకు వెదకినా దొరకలేదు. ఆ రాత్రి పిల్లవాడు భోజనము ముట్టలేదని నాయనమ్మగారు చెప్పారు.

"వాడి తప్పు కాదు పాస్టర్ గారూ, ఆ తుపాకి చేతికిచ్చిన నాది" అన్నారు పెద్దాయన.

ఒక పౌను సీసముతో 12 సమానమైన గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు పట్టే గొట్టము 12 గేజి. 20 గుండ్లు చేస్తే 20 గేజి. అనగా అంకె పెరిగితే గొట్టము సన్నము. 12 గేజిలో టర్కీ తూటా పేలితే భుజమునకు తగిలే దెబ్బ పెద్దవారికే కష్టము. మేము ఒకటి కాల్చి రెండు రోజులు కుడిచేత్తో సంచి ఎత్తలేదు! పిల్లవాడు ఆ దెబ్బకు భయపడి ట్రిగ్గర్ నొక్కక ముందే కళ్లు మూసుకొనేవాడు.

అందుకని ఈసారి 20 గేజి తెచ్చారు. తూటాలోని గుళ్లకు కూడా అంకె పెరిగితే గుండు చిన్నది. సీసమైతే 4, 5, 6 నంబర్లు వాడతారు. ఇప్పుడు టంగ్‌స్టన్ గుళ్లు వచ్చాయి. సీసము కంటె ఒకటిన్నర రెట్లు బరువు గనుక రెండు మిల్లీమీటర్ల 9వ నంబరు గుండు కూడా లోతుగా దిగుతుంది, చిన్నది గనుక ఎక్కువ గుళ్లు పడతాయి. ఒక్క తూటా పది డాలర్లకు పైమాటే.

టర్కీని రొమ్ము మీద కాల్చరు. తల, మెడ మీదనే కాల్చాలి, లేకుంటే గాయముతో పారిపోతుంది. కొట్టము వెనుక అట్టపెట్టెకు కాగితము అంటించి, పక్షి తల గీసి, 40 గజాలు కొలిచారు. గుళ్లు చెదరకుండ గొట్టము మూతికి చోక్ అనే ఇరుకు గొట్టము బిగించారు. పది అంగుళాల వృత్తములో నూరు రంధ్రాలు పడాలని వారి లెక్క. నాయనమ్మగారు కళ్లజోడు పెట్టుకొని ఒక్కొక్కటే లెక్కించారు. నూట యాభై దాటాయి. అయినా పెద్దాయన 30 గజాలే హద్దు అన్నారు. మరీ దగ్గరైనా చిక్కేనట, పది గజాలలో గుళ్లన్నీ పిడికిలంత ముద్దగా పోతాయి, కొంచెము గురి తప్పితే అంతా తప్పినట్టే.

మరునాడు చీకటితోనే బయలుదేరాము. మా తెల్ల చొక్కా మీద ఆకుల రంగు కోటు తొడిగి మెడ దాకా గుండీలు పెట్టించారు. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలము. ఆ రంగులు కనబడితే ఇంకొక వేటగాడు మనలనే పక్షి అనుకోవచ్చును. 30 గజాల వద్ద ఒక కర్ర పాతి, చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాము. పెద్దాయన పెట్టలాగ కూశారు. కొండ అవతలి నుండి జవాబు వచ్చింది.

రొమ్మున కుచ్చు వ్రేలాడే పుంజు తోక విప్పుకొని వచ్చి, కర్రకు ఆవల పది గజాలలో నిలిచింది. కాగితము ప్రకారము అందే దూరమే. పిల్లవాడి వేలు ట్రిగ్గర్ ప్రక్కనే ఉన్నది, కళ్లు తెరిచే ఉన్నవి. పుంజు అటు ఇటు తిరిగి మెల్లగా కొండ దిగిపోయింది.

పెద్దాయన ఏమీ అనలేదు. పిల్లవాడు తూటా తీసి జేబులో వేసుకొని, కర్ర పెరకడానికి వెళ్లాడు.