బొడ్డుతాడు తాయెత్తు

మా అక్కయ్య కూతురు పురిటికి పుట్టింటికొచ్చిన వారానికే, ఒక కుర్రాడు రంగురంగుల కాగితాలు పట్టుకుని ఊడిపడ్డాడు. నేనూ ఆవేళ అక్కడే ఉన్నాను. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడులో మిగిలిన నెత్తురు పట్టి, అందులోని మూలకణాల్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచిపెడతారట. రేపు బిడ్డకేదైనా పెద్దజబ్బు చేస్తే అక్కరకొస్తాయట. డబ్బు వాయిదాల మీద కట్టుకోవచ్చునట. "మీ బిడ్డకంటే డబ్బెక్కువా మేడమ్?" అన్నాడు చివరికి. అంతే, మా పిల్ల కళ్ళలో నీళ్ళు.

మా అమ్మ మాత్రం చలించలేదు. "ఓస్, ఇంతేనా! మీ పిన్నిది నేనూ దాచాను" అంటూ ట్రంకుపెట్టెలోంచి నల్లబడిపోయిన వెండి తాయెత్తు తీసింది. ఊడిన నా బొడ్డు ఎండబెట్టి, అందులో పెట్టి, నా మొలతాడుకి కట్టిందట. నలభై ఏళ్ళు దాటినా ఒక్క వాయిదా కట్టకుండానే భద్రంగా ఉంది!

నేను బి.ఏ. చదివినదాన్ని. సైన్సుకీ నాకూ చుక్కెదురు. అయినా ఆ రాత్రి కూర్చుని దొరికినంతా చదివాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఇది బూటకం కాదు. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ అనే డాక్టరమ్మ, ఫాంకోని ఎనీమియా ఉన్న అయిదేళ్ళ అబ్బాయికి చెల్లెలి బొడ్డు నెత్తురు ఎక్కించి బతికించింది.

చెల్లెలిది. అక్కడే ఆగిపోయాను. వాడిది వాడికి పనికొచ్చేది కాదు. తలసీమియాలాంటివి పుట్టుకతో వచ్చే జబ్బులు. ఆ లోపం బొడ్డు నెత్తురులోనూ ఉంటుందిగా! పులిసిన పెరుగే తోడేసి కమ్మగా తోడుకోమంటే ఎలా? ఇంట్లో అలాంటి జబ్బున్న బిడ్డ ముందే ఉంటే సరే కానీ, ఆ బిడ్డకే ముందుముందు పనికొస్తుందని దాచడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని ఐ.సి.ఎం.ఆర్. 2017లోనే చెప్పింది.

పొద్దున్నే కాఫీ ఇస్తూ ఇదంతా ఏకరువు పెట్టాను. పిల్ల శ్రద్ధగా వింది. "అంతా నిజమే పిన్నీ. కానీ రేపేమైనా అయితే, ఆనాడు పిన్ని మాట ఎందుకు విన్నానా అని ఏడవాలిగా?"

దీనికి ఐ.సి.ఎం.ఆర్. దగ్గర జవాబు లేదు. నా దగ్గర అసలే లేదు. నా నవలల్లో అయితే ఇలాంటిచోట నాయిక గంభీరంగా ఏదో ఒకటి అంటుంది. నేను కాఫీ చల్లారిపోతోందన్నాను.

చివరికి పురుడు పోసే డాక్టరుగారినే అడిగాం. "బిడ్డ పుట్టాక నిమిషమైనా ఆగి బొడ్డు కోస్తానమ్మా. ఆ నెత్తురు బిడ్డ ఒంట్లోకే పోనిద్దాం. రక్తం పడుతుంది, నెలల తరబడి ఇనుముకి లోటుండదు" అందావిడ.

దారిపొడుగునా పిల్ల మాట్లాడలేదు. ఇల్లు చేరాక చెప్పులు విడుస్తూ, "అమ్మమ్మా, తాయెత్తు కొత్తది చేయించాలా, పిన్నిది తోమితే సరిపోతుందా?" అంది.