దిద్దుబాటు

ఉపాధ్యాయవృత్తి నభ్యసించు యువజనులు కొన్నివారములు మా బడిలో పాఠములు చెప్పుటకు ఏటేట వచ్చుచుందురు. రెండేండ్ల బి.ఎడ్. చదువులో 20 వారములు పాఠశాలలతో గడపవలెనని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 సంవత్సరపు నిబంధనలలో విధించెను. ఏర్పాటు మంచిదే. కాని పెక్కుచోట్ల సెలవుపెట్టినవారి తరగతులకు వీరిని కాపుంచుటయు, పాఠ్యపథకములపై చదువకయే సంతకము చేయుటయు జరుగుచున్నది. ఈ దోషమునకు నేనును దూరుడను గాను.

ఒకనాడు ఒక యువకుడు భిన్నములు బోధించుచు నల్లబల్లపై ఒక అంకె తప్పు వ్రాసెను. నేను వెనుకనుండి లేచి పిల్లలయెదుటనే దిద్దితిని. పిల్లలు నవ్విరి. మరునాటినుండి వారాతని మాట లక్ష్యపెట్టలేదు. నేను దిద్దినది అంకెను. చెరచినది ఆతని గౌరవమును. నాటినుండి ఎవరి తప్పునైనను బడి విడిచిన పిదప, ఏకాంతముగా చెప్పుట నేర్చుకొంటిని.

ఆ యువకుడే సాయంకాలములందు వెనుకబడిన పిల్లలకు చదువు చెప్పుచుండెను. నేను మందమతి యని విడిచిన బాలునిగూర్చి ఆత డొకనాడు, “అయ్యా! వీని యింట లంబాడీభాష మాటాడుదురు. వీనికి లెక్క తెలియును, లెక్కలోని తెలుగే తెలియదు” అనెను. రెండేండ్లలో నే నడుగని ప్రశ్నను ఆతడు రెండువారములలో నడిగెను! నేను సిగ్గుపడితిని.

చదువరులారా! రేపు మన బిడ్డలకు అక్షరములు దిద్దించువారు వీరే. వీరి పాఠమును తుదముట్ట వినుట, తప్పును మెల్లగా చెప్పుట, వీరు కనిపెట్టినదానిని మనము గ్రహించుట—ఈ మూడును పెద్దల విధులు. సంతకము పిమ్మటి మాట.