పిల్లల మోతాదు

తెలుగులో 'మందు' అన్న మాటకు మూడర్థాలున్నాయి. డాక్టర్లం రాసిచ్చేది ఒకటి. వద్దు వద్దంటూనే పార్టీల్లో పుచ్చుకునేది రెండోది. తుపాకీలో కూరేది మూడోది. మొదటిదాన్ని చదువుకున్న నేను మూడోదాని జోలికి ఎందుకు పోవలసి వచ్చిందో మనవి చేస్తాను.

మేముండేది విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊరు. ఇక్కడ థాంక్స్‌గివింగ్‌కు ముందు వచ్చే శనివారం మొదలుకొని తొమ్మిది రోజులు తుపాకీతో జింకల వేట సాగుతుంది. ఆ రోజుల్లో నా క్లినిక్కు సగం ఖాళీ. మా అమ్మాయి పన్నెండేళ్లు నిండగానే స్నేహితురాళ్లతో పాటు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులో చేరి, పాసయి వచ్చి, "నాన్నా, ఈసారి నేనూ వెళ్తాను" అంది. ఈ సంగతి ఫోనులో విని మా అత్తగారు, "జింక వెంట పడితే ఏమవుతుందో రామాయణం చదివినవారు, మీకు నేను చెప్పాలా బాబూ?" అన్నారు. మా అమ్మాయి ఊరుకోలేదు. "దశరథుడు కంటితో చూడకుండా చప్పుడు విని బాణం వేశాడు కదా అమ్మమ్మా! ఏది కొడుతున్నామో, దాని వెనక ఏముందో చూడందే పేల్చకూడదని మాకు నేర్పారు" అంది. ఆ జవాబు విన్నాక కాదనడానికి నాకు నోరు రాలేదు.

చిక్కల్లా దాని భుజంతోనే. పిల్ల బరువు 85 పౌన్లు. పక్కింటి పెద్దాయన, రిటైరయిన రైతు, తన మనవల కోసం కొన్న 7 ఎం.ఎం.-08 రైఫిలు ఇస్తానన్నారు. జింకకు చక్కగా సరిపోయే రైఫిలే. కాని మామూలు తూటాతో, ఏడున్నర పౌన్ల రైఫిలు వెనక్కి తన్నే తన్ను లెక్క వేస్తే సుమారు 15 ఫుట్ పౌండ్లు తేలింది. పెద్దవాళ్లకు అది లెక్కలోది కాదు. పిల్లలకు అలా కాదు. రెండు మూడు దెబ్బలు తగిలాక శరీరం గుర్తు పెట్టుకుంటుంది. ట్రిగ్గరు నొక్కబోయే ముందే కళ్లు మూసుకుపోతాయి, భుజం అదురుతుంది. పావ్‌లోవ్ కుక్కకు గంట ఎలాగో వీళ్లకు ట్రిగ్గరు అలాగ. ఒకసారి పట్టుకున్న ఆ బెదురు వదలడం కష్టం. బెదిరిన చేతిలోంచి వెళ్లిన గుండు జింక గుండెకు కాక కడుపుకో కాలికో తగులుతుంది. అప్పుడు ఆ మూగజీవి గంటల తరబడి బాధపడుతుంది. అందువల్ల పిల్ల భుజాన్ని కాపాడటం జింక కోసం కూడా.

పెద్దాయన తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుంటారు. ఒకసారి పేల్చిన ఇత్తడి కేసును సరిచేసి, కొత్త ప్రైమరు పెట్టి, మందు తూచి పోసి, గుండు బిగిస్తారు. ఆయన త్రాసు దగ్గర నాకు చప్పున పాత ఫార్మకాలజీ గుర్తొచ్చింది. మందు తూచేది గ్రెయిన్లలో. అదే గ్రెయిను ఒకప్పుడు మన మందులషాపుల్లోనూ ఉండేది. 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ బిళ్ల అంటే అయిదు గ్రెయిన్లే.

అయితే మాకు పీడియాట్రిక్స్‌లో మొదట చెప్పే మాట, పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్లు కారని. ఇక్కడా అంతే. మందు తగ్గిస్తే ప్రమాదమూ తగ్గుతుందనుకోవడం పొరపాటు. నెమ్మదిగా కాలే రకాలను మరీ తగ్గిస్తే, కేసులో ఖాళీ ఎక్కువై మంట సరిగా అంటుకోక, పీడనం ఒక్కసారిగా పెరిగి రైఫిలు పగిలే ప్రమాదం ఉంది. ఈ పనికి పెద్దాయన వాడేది హాడ్జ్‌డన్ వారి హెచ్ 4895. వారి పుస్తకంలో ఆ తూటాకు, ఆ గుండుకు ఇచ్చిన గరిష్ఠ మోతాదులో 60 శాతం దాకా తగ్గించవచ్చని వారే చెబుతారు. ఆ సూత్రం ఆ ఒక్క మందుకే. పక్క డబ్బాలో మందు చూడటానికి అలాగే ఉన్నా దానికి వర్తించదు. అందుకని బల్లమీద ఎప్పుడూ ఒకే డబ్బా. మందు పోశాక ప్రతి కేసులోకీ టార్చి వేసి మట్టం చూడాలి. పొరపాటున ఏ కేసులోనైనా రెండుసార్లు పోసి ఉంటే అలా కనిపెట్టాలి మరి.

120 గ్రెయిన్ల గుండుతో, 60 శాతం దగ్గర మొదలుపెట్టి కొద్దిగా పెంచి చూస్తే, వేగం సెకనుకు సుమారు 2100 అడుగులు వచ్చింది. తన్ను సగానికి తక్కువైంది. చెవులకు మాత్రం రాయితీ ఇవ్వలేదు. తగ్గించిన తూటా చప్పుడైనా చెవిని పాడుచేయగలదు. బెదురులో సగం ఆ చప్పుడుదే కూడా.

దీనికి చెల్లించవలసిన మూల్యం ఒకటుంది. వేగం తగ్గితే గుండు జింక ఒంట్లో సరిగా విచ్చుకోదు. కనుక తక్కువ వేగానికి కూడా విచ్చుకునే మెత్తటి రకం గుండు కావాలి, దూరానికి హద్దు కావాలి. మేం పెట్టుకున్న హద్దు 100 గజాలు. గుండు తొందరగా కిందికి దిగుతుంది కాబట్టి టెలిస్కోపు గురి కూడా ఈ తూటాతోనే మళ్లీ సరిచేశాం.

మొదటి శనివారం పొద్దున్న పొలం చివర ఒక మగ జింక వచ్చి నిలబడింది. దాని కొమ్ములు చూసి నాకే గుండె ఝల్లుమంది. అమ్మాయి టెలిస్కోపులోంచి చూసి, వేలు ట్రిగ్గరు మీదికి పోనివ్వకుండా, "దూరం, నాన్నా" అని గుసగుసలాడింది. తర్వాత కొలిస్తే 140 గజాలు. మామూలు తూటాకు అది దూరమే కాదు. మూడోరోజు 60 గజాల్లో ఒక ఆడ జింకను కొట్టింది. నాలుగడుగులు వేసి పడిపోయింది. అమ్మాయి కాసేపు ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు.

మన పిల్లలు ఇక్కడి పిల్లలతో అడవికి వెళ్తామన్నప్పుడు, "మనకెందుకు" అనేముందు వాళ్లేం నేర్చుకున్నారో ఒకసారి అడిగి చూడమని మిత్రులకు మనవి. వచ్చే ఏడు మా అమ్మాయి ఇంకో పది పౌన్లు పెరుగుతుంది. మళ్లీ పుస్తకం తెరిచి మోతాదు చూడాలి.