పిల్ల వేసే ముందు

ఈశాన్య రుతుపవనాల వానలు తెరిపిచ్చి, సంక్రాంతి వెళ్లాక అల్లూరు నుంచి ఇస్కపల్లి వైపు వెళ్తే చాలా రొయ్యల గుంటలు ఖాళీగా కనిపిస్తాయి. నీళ్లు తోడేసి, ఏరేటర్లను కట్ట మీదికి ఎక్కించి, అడుగును ఎండకు వదిలేసి ఉంటారు. దారిన పోయేవారికి పని ఆగిపోయినట్టే అనిపిస్తుంది. పంట తలరాత సగం తేలేది మాత్రం ఆ రోజుల్లోనే.

చలికాలంలో పంట వేయడానికి రైతులు జంకడం ఊరికే కాదు. నీటి వేడి తగ్గితే తెల్లమచ్చ వైరస్ చెలరేగుతుంది. 1994-95లో టైగర్ రొయ్య గుంటలను తుడిచిపెట్టిన జబ్బు అదే. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక సాగు మళ్లీ ఊపందుకుంది కానీ వైరస్ ఎటూ పోలేదు. గట్టు బొరియల్లో ఉండే పీతలూ, కాలువ నీటితో వచ్చే నాటు రొయ్యలూ దాన్ని మోస్తూనే ఉంటాయి.

అందుకే మొదటి పని ఎండగట్టడం. అడుగు మట్టి అంగుళం నుంచి రెండంగుళాల లోతున నెర్రెలు విచ్చాలి. ఏరేటర్ల సుడికి మధ్యలో పోగైన నల్ల మట్టి దగ్గర వంగి చూస్తే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. నిరుటి మేత, రెట్ట, విడిచిన పెంకులు గాలి తగలక మురిగిపోయిన చోటది. పైపైన ఎండినట్టున్నా, పార దించితే లోపల జిగటగా తేలుతుంది. దాన్ని ఎత్తి గట్టు అవతల దూరంగా పోయాలి. గట్టు మీదే కుప్ప పెడితే మొదటి వానకే మళ్లీ గుంటలోకి జారుతుంది. 2000లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా, ఆసియా-పసిఫిక్ ఆక్వా సంస్థల కూటమి నాకా మొదలుపెట్టిన అధ్యయనంలో నెల్లూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 365 గుంటలను పరిశీలించారు. అడుగు బురద తీసిన గుంటల్లో తెల్లమచ్చ ముప్పు తక్కువని అందులో తేలింది. కూలీ ఖర్చుకు వెనకాడి ఈ ఒక్క పని వదిలేసేవారిని చూస్తే బాధేస్తుంది.

ఈమధ్య ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి వచ్చి పని ఇంకా పెంచింది. రొయ్య చావదు, ఎదగదు. మేత మాత్రం తింటూనే ఉంటుంది. దాని బీజాలు మొండివి. వాటిని చంపాలంటే హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం చల్లి, దుక్కి దున్ని, మట్టిని తడపాలి. అప్పుడు మట్టి పీహెచ్ 12 దాకా ఎగబాకుతుంది.

ఆ తర్వాత నీళ్లు. కాలువ నీటిని సన్న వల సంచుల గుండా తోడతారు. చేప గుడ్లూ, పీత పిల్లలూ లోపలికి రాకూడదు. చుట్టూ పీతల కంచె, పైన పక్షుల దారాలు. ఆపైన బ్లీచింగ్. ఎకరం గుంటలో మీటరు లోతు నీళ్లంటే సుమారు 40 లక్షల లీటర్లు. 60 పీపీఎం చొప్పున వేస్తే దాదాపు 243 కిలోల పౌడర్ పడుతుంది. ఎండకు క్లోరిన్ విరిగిపోతుంది కాబట్టి పొద్దుగూకాక చల్లడం మేలు. పీహెచ్ కూడా చూసుకోవాలి. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సుమారు సగం క్రిములను గట్టిగా చంపే రూపంలో ఉంటుంది, 8.5కు చేరితే ఆ భాగం పదో వంతుకు పడిపోతుంది. నీళ్లలో సున్నం కలిపాక బ్లీచింగ్ చల్లితే డబ్బు నీళ్లపాలే.

అమెరికా చలి రాష్ట్రాల్లో ఇంటి వెనక ఈతకొలను ఉన్న తెలుగువారికీ ఈ లెక్కలు కొత్త కావు. మే నెలాఖరులో మెమోరియల్ డే నాటికి వాళ్లు కవర్ తీసి, పాచి గీకి, పీహెచ్‌ను 7.2, 7.8 మధ్యకు తెచ్చి క్లోరిన్ వేస్తారు. అక్కడ క్లోరిన్ నిలవాలి. ఎండకు పోకుండా సయన్యూరిక్ ఆమ్లం కూడా కలుపుతారు. ఇక్కడ అది పని ముగించి పూర్తిగా పోవాలి. కాస్త మిగిలినా లేత రొయ్యపిల్ల బతకదు. రెండు మూడు రోజులు ఏరేటర్లు తిప్పి, సీసాలో నీళ్లు పట్టి, ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసి చూస్తారు. పసుపు తేలిందంటే ఇంకా ఆగాలి.

పసుపు పోయాకే తవుడు, బెల్లం, ఈస్ట్ పులియబెట్టి పోస్తారు. కొలనువాళ్లు అద్దంలాంటి నీళ్లు కోరితే, రైతుకు నీటికి లేత రంగు తిరగాలి. పిల్లకు తొలి మేత ఆ రంగులోనే ఉంటుంది.

ఇంత చేసిన రైతు కూడా ఒక్క రాత్రిలో నష్టపోవచ్చు. పై గుంటలో జబ్బు తగిలినవాడు గుట్టుగా తూము ఎత్తితే, ఆ నీళ్లే అందరూ తోడుకునే కాలువలో కలుస్తాయి. 2007లో ఎంపెడా కింద ఏర్పడిన నాక్సా అనే సంస్థ చిన్న రైతులను సంఘాలుగా కూర్చింది ఇందుకే: ఒకే కాలువ మీద ఉన్నవాళ్లు కలిసి గుంటలు సిద్ధం చేసుకోవాలి, ఇంచుమించు ఒకేసారి పిల్ల వేయాలి, జబ్బు కనిపిస్తే పక్కవారికి చెప్పి, నీళ్లను బ్లీచింగ్‌తో శుద్ధి చేశాకే వదలాలి. జబ్బు గుంటకు పట్టే ఆ రెండో విడత బ్లీచింగ్ ఖర్చును సంఘమే భరిస్తే దాచాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది. దాని కోసం ఎకరానికి ఎంత వేసుకోవాలో ఫిబ్రవరిలోనే, సీడ్‌కు అడ్వాన్సు కట్టకముందే తేల్చుకోవచ్చు.