మా ఇంటికొచ్చిన ఐదంగుళాల పెట్టె

ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్ల మీదే బతుకుతున్నవాణ్ణి గదా, అయినా ఇంట్లోకి ఒక కంప్యూటర్ కొనాలంటే నాకు కనీసం మూడు వారాలు పడుతుంది. "పిల్లకు సంబంధం చూడడానికి కూడా ఇంత విచారణ చెయ్యరు" అని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది.

2025 వేసవిలో మా అమ్మాయి హైస్కూలు ముగించి, కాలేజీలో సినిమా విద్య చదవడానికి సిద్ధమైంది. మన ఉగాది, దీపావళి కార్యక్రమాల వీడియోలు మూడేళ్లుగా ఎడిట్ చేసి పెడుతున్నది తనే. ఎనిమిది జీబీ మెమొరీ ఉన్న పాత లాప్‌టాప్‌తో ఇక వేగలేనని, ఆపిల్ వారి మ్యాక్ స్టూడియో కావాలని అడిగింది. అప్పటి ధర 1,999 డాలర్లు, తెర ఖర్చు వేరే. 599 డాలర్ల మ్యాక్ మినీ చాలన్నాను నేను. విద్యార్థులకిచ్చే తగ్గింపు సంగతి పక్కన పెట్టండి.

"నువ్వెప్పుడూ చవకదే చూస్తావు నాన్నా. అసలు నా పనేమిటో ఒక్కసారైనా చూశావా?" అంది.

చూడలేదు. హాల్లో కూర్చుని ఆ వీడియోలకు చప్పట్లు కొట్టానే గాని, అర్ధరాత్రి దాకా గదిలో తను ఏం చేస్తోందో పక్కన కూర్చుని చూసిన పాపాన పోలేదు. రెండు రోజులు మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. మూడో రోజు కుర్చీ లాక్కుని తన పక్కన కూర్చున్నాను.

మూడు కెమెరాలతో తీసిన కూచిపూడి నృత్యం. ఒక కెమెరాలోంచి ఇంకో కెమెరాకు మారబోయినప్పుడల్లా బొమ్మ ఆగిపోతోంది, అడుగు తాళానికి పడిందో లేదో తెలియడం లేదు. తను పళ్లు బిగబట్టి మళ్లీ వెనక్కి తిప్పుతోంది. గంటన్నరలో నాలుగు నిమిషాల పాట కూడా పూర్తి కాలేదు. మెమొరీ ఎంత వాడుతోందో చూపించే కిటికీ తెరిచి చూద్దును గదా, నిండిపోయి ఉంది. వంటింటి గట్టు చిన్నదైతే గిన్నెలన్నీ నేల మీద పెట్టుకుని మాటిమాటికీ వంగి తీసుకుంటున్నట్టు, యంత్రం మెమొరీకీ డిస్కుకూ మధ్య సరుకు మోస్తూ అలిసిపోతోంది.

అప్పుడు గాని నా చార్టును సరిగా చదువుకోలేదు. ఎం4, ఎం4 ప్రో, ఎం4 మ్యాక్స్ అని చిప్పులు మూడు రకాలు. పెళ్లి వంటల లెక్కలో చెప్పాలంటే వంటవాడి చెయ్యి చురుకు మూడు చోట్లా దాదాపు ఒక్కటే, వంటవాళ్ల సంఖ్యే వేరు. ఉత్తరం రాసుకునేవారికి, ఫొటోలు సర్దుకునేవారికి మినీకీ, దానికి మూడు రెట్లు మించి ధర పలికే స్టూడియోకీ తేడా కంటికి ఆనదు. వెయ్యి మందికి వండాలంటే మాత్రం తెలుస్తుంది. మినీలో 10 కోర్లయితే స్టూడియోలో 14, గ్రాఫిక్స్ కోర్లు 10 అయితే అక్కడ 32. పూర్తయిన వీడియోను కుదించి ఫైలుగా చేసే ప్రత్యేక యంత్రాంగం మినీలో ఒకటి, స్టూడియోలో రెండు. కానీ ఆ కుదించే పని జరిగేది చివర్లో ఒక్కసారి, అదీ మా అమ్మాయి అన్నానికి లేచినప్పుడు. 1,399 డాలర్ల ఎం4 ప్రో మినీ మా అవసరానికి అటూ ఇటూ కాలేదు. ఐమ్యాక్ చూడముచ్చటగా ఉంటుంది గాని, కంప్యూటర్ పాతబడితే తెర కూడా దానితోపాటే పాతబడుతుంది.

ఆ ఆదివారం తెనాలిలో ఉన్న మా నాన్నగారికి ఫోన్ చేసినప్పుడు ఈ గొడవంతా చెప్పాను. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. 1999లో పీఎఫ్ మీద లోను తీసుకుని, విజయవాడలో నాకు కంప్యూటర్ అసెంబుల్ చేయించారు. మెమొరీ 32 ఎంబీ. మరుసటి ఏడు ఇంకో 32 కొని తగిలించుకున్నాం. ముందు చిన్నది కొని తర్వాత పెంచుకోవడమనే అలవాటు నాకు అక్కడే పట్టుబడింది.

"ఇందులో కూడా తర్వాత వేసుకోవచ్చా?" అని అడిగారు.

"లేదు నాన్నగారూ. మెమొరీ చిప్పుతోపాటే వస్తుంది. కొన్న రోజున ఎంత ఉంటే అంతే."

"అయితే ఇప్పుడే ఎక్కువ పెట్టించు. నీకు తక్కువది కొన్నది డబ్బు లేకరా, అదే మంచిదని కాదు."

ఆ మాటకు నేనేమీ బదులు చెప్పలేకపోయాను.

మామూలు ఎం4 మినీయే తీసుకుని, మెమొరీ 16 నుంచి 32 జీబీకి పెంచాం. ఆ పెంపుకే 400 డాలర్లంటే ప్రాణం ఉసూరుమన్న మాట నిజం. లోపలి స్టోరేజి 256 దగ్గరే ఆపేశాం. అటక లాంటిది గదా, చాలకపోతే బయట ఎస్‌ఎస్‌డీ తగిలించుకోవచ్చు, గట్టు మాత్రం తర్వాత పెంచలేం. మొత్తం 999 డాలర్లు, స్టూడియోలో సగం. మిగిలిన దాంట్లో మంచి తెర, డిస్కు వచ్చాయి. మా అమ్మాయి తనే లెక్క చూసుకుని ఒప్పుకుంది.

పెట్టె రాగానే తీగలన్నీ తగిలించాను. ఐదంగుళాల చదరం, రెండంగుళాల ఎత్తు. ముందూ వెనకా తడిమినా ఆన్ చేసే బొత్తాం దొరకలేదు. మా అమ్మాయి పెట్టెను కాస్త ఎత్తి, వెనక మూల అడుగున వేలు పెట్టి నొక్కింది.

"ఇది నీ చార్టులో లేదా నాన్నా?" అంది.